పెరట్లో పది కోళ్ళు: కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ ప్రశ్నలు, జవాబులు

మంగళం_కొత్తిల్లు:
అందరికీ నమస్కారం. తిరుపతిలో మంగళం వైపు ఇల్లు. వెనకాల 20 అడుగులకు 15 అడుగుల జాగా ఉంది. పడమటి మూలలో వేపచెట్టు, గోడ పక్కన రెండు కరివేపాకు మొక్కలు. ఇంట్లో అమ్మ, మేమిద్దరం, పిల్లలిద్దరు (9 ఏళ్ళు, 4 ఏళ్ళు). గుడ్ల కోసం పది కోళ్ళు పెంచాలని ఉంది, మాంసం తర్వాతి మాట. ఏ రకం తేవాలి? ఒకరోజు వయసు కోడిపిల్లలా, ఎదిగినవా? గూడు ఎంత ఉండాలి? టీకాలు ఎవరు వేస్తారు? పొద్దున ఎనిమిదికి మేమిద్దరం పనికి వెళ్ళిపోతాం. పగలు చూసేది అమ్మే, ఆమెకు మోకాళ్ళ నొప్పులు, వంగలేదు. అది కూడా మనసులో పెట్టుకుని చెప్పండి.

నగరి_నాటుకోడి:
గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ. వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు. పెరట్లో తిప్పి పెంచితే గ్రామప్రియ ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు, వనరాజా 100 నుంచి 110 పెడతాయి. వనరాజా బరువైన కోడి. కూరకు బాగుంటుంది గానీ చురుకు తక్కువ, కుక్క వస్తే ఎగరలేక దొరికిపోతుంది. గ్రామప్రియకు కాళ్ళు పొడుగు, ఒళ్ళు తేలిక.

అచ్చమైన నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. విడతకు పది పన్నెండు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. కానీ ఒకటి రెండు నాటు పెట్టలు ఉండటం మంచిదే. ఎందుకంటే గ్రామప్రియ, వనరాజా పొదుగుకు రావడం అరుదు. పిల్లల్ని తీయించాలంటే నాటు పెట్ట కిందే పెట్టాలి.

ఒక మాట ముందే చెప్తా ఉండా. గ్రామప్రియ గుడ్లను ఇంట్లో పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లి అంత గుడ్లు పెట్టవు. అది సంకర రకం, రెండో తరానికే ఆ గుణం చెదిరిపోతుంది. గుడ్లు కావాలంటే ప్రతిసారీ హ్యాచరీ పిల్లల్నే తెచ్చుకోవాల.

పలమనేరు_పెరడు:
ఐదుగురికి పది పెట్టలు సరిపోతాయి. లెక్క చూడండి: పది గ్రామప్రియలు ఏడాదికి 1,700 గుడ్లు అనుకుంటే రోజుకు నాలుగున్నర. అయితే ఏడాదంతా సమంగా రావు. మొదటి నెలల్లో రోజుకు ఏడు వస్తాయి, ఎండాకాలంలో, ఈకలు రాల్చే కాలంలో రెండుకు పడిపోతాయి. అప్పుడు కోడికి రోగం వచ్చిందని భయపడి మందులు పొయ్యొద్దు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఒకరోజు పిల్లల్ని తెస్తే అందులో సగం పుంజులే. పది పెట్టలు కావాలంటే 25 పిల్లల్ని తేవాలి, పది పన్నెండు పుంజుల్ని మూడు నాలుగు నెలలు మేపి కోసుకోవాలి లేదా అమ్ముకోవాలి. అదే ఎనిమిది వారాల పిల్లల్ని తెస్తే జుట్టు, తోక చూసి పెట్టల్నే ఏరుకోవచ్చు. ఆ వయసుకు పుంజుపిల్లకు జుట్టు ఎర్రబడి పెద్దదవుతుంది, పెట్టకు చిన్నగా పాలిపోయి ఉంటుంది. కొత్తవాళ్ళకు అదే మేలు. మొదటి నాలుగు వారాల్లో పోయే పిల్లలే ఎక్కువ, ఆ గండం వేరేవాళ్ళు దాటించి ఇస్తారు.

గంపకింద_గంగ:
అక్కా, నేను ఒప్పుకోను. ఎదిగిన పిల్లకు ఏ టీకా వేశారో, ఏ రోగం మోసుకొస్తా ఉందో ఎవరికి తెలుసు? ఒకరోజు పిల్ల అయితే మన చేతిలో పెరుగుతుంది, మనిషికి అలవాటవుతుంది. బల్బు వేసి నెల రోజులు చూసుకుంటే చాలు కదా.

వెటర్నరీ_మాస్టారు:
ఇద్దరి మాటా నిజమే, కానీ ఈ ఇంట్లో పగలు ఉండేది వంగలేని పెద్దావిడ ఒక్కరే. ఒకరోజు పిల్లలకు మొదటి వారం రెండు మూడు గంటలకొకసారి వంగి చూడాలి. కాబట్టి ఎనిమిది వారాల పిల్లలే తెచ్చుకోండి.

గంగ గారి అనుమానానికి మందు రసీదు. అమ్మేవాళ్ళను మూడు అడగండి: పిల్లలు పుట్టిన తేదీ, మొదటి రోజు మారెక్స్ (కాళ్ళు పడిపోయే వైరస్ రోగం) టీకా వేశారా, కొక్కెర తెగులు టీకా ఏ తేదీల్లో వేశారు. రాసివ్వలేమంటే వేయలేదనే అనుకోవాలి. కొన్న పిల్లల్ని కనీసం మూడు వారాలు విడిగా ఉంచి చూడండి. మీ పెరట్లో వేరే కోళ్ళు లేవు కనుక మీకు ఇప్పుడు ఆ బాధ లేదు, రెండోసారి తెచ్చేటప్పుడు గుర్తుంచుకోండి.

రెండు రకాల కోళ్ళను మాత్రం కొనొద్దు. బడుల దగ్గర రంగులు పూసి అమ్మే పిల్లలు ఎక్కువగా లేయర్ (గుడ్ల కోళ్ళ) హ్యాచరీలు తీసేసిన మగపిల్లలు, టీకాలు ఉండవు. ఆటోల్లో చవగ్గా అమ్మే తెల్ల పెట్టలు ఫారాల నుంచి గుడ్లయిపోయాక తీసేసినవి. 72 వారాలు దాటి ఉంటాయి. వాటితో కూర వండుకోవచ్చు గానీ గుడ్లకు ఆశపడొద్దు.

మంగళం_కొత్తిల్లు:
అయితే ఎనిమిది వారాల పిల్లలే, పది పెట్టలు. పుంజు ఒకటైనా ఉండాలి కదా సార్? లేకపోతే గుడ్లు పెట్టవని అమ్మ అంటోంది.

వెటర్నరీ_మాస్టారు:
అక్కర్లేదు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు, ఆ గుడ్డులోంచి పిల్ల రావాలంటేనే పుంజు కావాలి. పిల్లల్ని తీయించాలనుకుంటే ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఇళ్ళు దగ్గరగా ఉన్న వీధిలో తెల్లవారుజాము మూడున్నరకే కూత మొదలవుతుంది, ముందుగా పక్కింటివాళ్ళతో ఒక మాట అనుకోండి. రెండు పుంజులుంటే మాత్రం ఒకదాన్నొకటి రక్తాలు కారేలా పొడుచుకుంటాయి.

జాలీ_పని:
గూడు సంగతి నాకొదిలేయండి. అమ్మగారు వంగకూడదంటే గూడు నేల మీద కాదు, కాళ్ళ మీద నిలబెట్టాలి.

పది పెట్టలకు రాత్రి గూడు 5 అడుగులు పొడవు, 4 అడుగులు వెడల్పు. అంటే కోడికి 2 చదరపు అడుగులు. అంగుళంన్నర ఇనుప యాంగిల్‌తో రెండున్నర అడుగుల కాళ్ళు. గూడు ఎత్తు ముందు 4 అడుగులు, వెనక 3 అడుగులు, నీళ్ళు వెనక్కి జారాలి. పొడవు తూర్పు పడమరలుగా పెట్టండి. తూర్పు, పడమటి పక్కలు రేకు లేదా పలక, ఉత్తర దక్షిణాలు జాలీ. అప్పుడు ఎండ లోపలికి దూరదు, గాలి మాత్రం ఆడుతుంది. వేపచెట్టు గూటికి పడమటి వైపు ఉండేటట్టు చూసుకోండి, సాయంత్రపు ఎండను అదే ఆపుతుంది.

జాలీ విషయంలో అందరూ పప్పులో కాలేస్తారు. అంగడిలో ‘కోళ్ళ జాలీ’ అని అమ్మే ఆరు మూలల పలచని తీగ కోడిని లోపల ఉంచడానికే, బయటివాళ్ళను ఆపడానికి కాదు. కుక్క పళ్ళతో చింపేస్తుంది, ముంగిస పిల్ల దూరిపోతుంది. అర అంగుళం గళ్ళ వెల్డ్ మెష్ కొనండి. పాము కూడా ఆగుతుంది. గూటికి, నేలకు మధ్య కాళ్ళున్న జాగా కూడా మూసేస్తే పగలు కోళ్ళకు నీడ. అక్కడి జాలీని నేలలోకి అడుగు లోతు పాతండి, లేదా బయటికి అడుగున్నర పరిచి రాళ్ళు పెట్టండి. పందికొక్కు, కుక్క గోడ మొదట్లోనే తవ్వుతాయి, అడుగున్నర దూరం నుంచి తవ్వాలనే తెలివి వాటికి లేదు.

అడుగు భాగానికి తీగ జాలీ వేస్తే పెంట కిందికి పడుతుంది, శుభ్రం సులభం. కానీ బరువైన కోడి అరికాలికి పుండు పడుతుంది. 2 అంగుళాల చెక్క పట్టీలు ముప్పావు అంగుళం సందుతో వేయండి. అంచుల్ని చిత్రికతో గుండ్రంగా నున్నగా చేయండి.

గుడ్ల పెట్టె 12 అంగుళాలు అన్ని వైపులా, నాలుగైదు పెట్టలకు ఒకటి. మీకు రెండు చాలు, మూడోది పెట్టినా అన్నీ ఒకే పెట్టె కోసం కొట్లాడుకుంటాయి. పెట్టెల్ని గూడు గోడకు బయటికి పొడుచుకొచ్చేలా బిగించి పైన మూత పెట్టండి. అమ్మగారు నిలబడే మూత ఎత్తి గుడ్లు తీసుకోవచ్చు. మేత తొట్టి, నీళ్ళ డబ్బా కూడా బయటి నుంచే నింపేటట్టు.

పడుకునే కర్ర 2 అంగుళాల వెడల్పు, కోడికి 8 అంగుళాల జాగా, గుడ్ల పెట్టెల కంటే ఎత్తులో. పెట్టె ఎత్తుగా ఉంటే రాత్రి అందులోనే పడుకుని గుడ్ల మీద రెట్ట వేస్తాయి.

కుప్పం_చలి:
తిరుపతిలో రేకుల కప్పు వేస్తే ఏప్రిల్, మేలో గూడు పొయ్యి అయిపోతుంది. రేకు మీద చెరకాకు లేదా బోద అర అడుగు మందం పరచండి, మధ్యాహ్నం రెండుసార్లు నీళ్ళు చల్లండి. రేకుకు లోపల తెల్ల సున్నం కాదు, బయట పూయాల, అప్పుడే ఎండను తిప్పి కొడుతుంది.

జాలీ_పని:
అవును, మరిచిపోయాను. ఇంకొకటి: మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం నుంచి వస్తాయి. ఉత్తరపు జాలీ మీద కప్పు రెండు అడుగులు ముందుకు రావాలి. పరదా కూడా ఉండాలి. దాన్ని పైన కట్టి కిందికి వేలాడదీయొద్దు, కింద బిగించి పైకి లాగేటట్టు పెట్టి పైన జానెడు సందు వదలండి. లోపలి వేడి గాలి, అమ్మోనియా ఆ సందులోంచే పోవాలి. పరదా మూసేసిన గూట్లో రాత్రంతా ఘాటు పీల్చిన కోళ్ళకు కళ్ళు ఉబ్బుతాయి, గురక పడుతుంది. మన ముక్కు కోడి ఎత్తుకు దించి చూడండి, కళ్ళు మండితే పరదా తప్పు, లేదా అడుగున పెంట ఎక్కువైంది.

మంగళం_కొత్తిల్లు:
చాలా వివరంగా చెప్పారన్నా. టీకాలు ఎవరు వేస్తారు? పది కోళ్ళకు ఎవరైనా వస్తారా?

వెటర్నరీ_మాస్టారు:
ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో అడగండి. పెరటి పెంపకంలో సాధారణంగా పాటించే వరస ఇది.

మొదటి రోజు మారెక్స్, హ్యాచరీలోనే. 5 నుంచి 7వ రోజు లసోటా (కొక్కెర తెగులు టీకా), కంట్లో ఒక చుక్క. 14వ రోజు గంబోరో రోగానికి టీకా, అదీ చుక్క. 28వ రోజు లసోటా రెండోసారి. 6, 7 వారాల మధ్య మశూచి టీకా, రెక్క పలచటి చర్మంలో గుచ్చడం. 8 నుంచి 10 వారాల మధ్య ఆర్2బి (ఇదీ కొక్కెర తెగులుకే), అర మిల్లీలీటరు రెక్క కింద చర్మంలోకి సూది.

మీరు ఎనిమిది వారాల పిల్లల్ని తెస్తారు కనుక మీ వాటాకు మిగిలేది ఆర్2బి ఒక్కటే, మశూచి వేయకపోయి ఉంటే అదీ. రెండూ ఒకే రోజు వేయించొద్దు, వారం పది రోజులు తేడా ఉండాలి. ఆర్2బి ఘాటైన టీకా. ఎనిమిది వారాల లోపు పిల్లకు, నీరసంగా ఉన్నదానికి, పురుగులున్నదానికి వేస్తే ఆ టీకాయే పడగొడుతుంది. అందుకే టీకాకు వారం ముందు పురుగుల మందు తాగించాలి.

చిక్కంతా సీసా దగ్గరే. టీకా 100 మోతాదుల సీసాల్లో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది దాచడానికి లేదు. వీధిలో కోళ్ళున్న ఐదారు ఇళ్ళు కలిసి ఒకే రోజు వేయించుకోండి. తెచ్చేటప్పుడు ఐసు ముక్కలు నింపిన ఫ్లాస్కులో తేవాలి. జేబులో పెట్టుకొచ్చిన టీకా నీళ్ళతో సమానం.

గంపకింద_గంగ:
నీళ్ళలో కలిపే లసోటా అయితే ఆడోళ్ళం మేమే వేసుకోవచ్చు. కానీ కొళాయి నీళ్ళు పనికిరావు, అందులోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది. బోరు నీళ్ళు లేదా కాచి చల్లార్చిన నీళ్ళు తీసుకుని లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపాలి. ముందు రెండు గంటలు కోళ్ళకు నీళ్ళు ఆపి, దప్పికతో ఉన్నప్పుడు ఇస్తే గంటలోపు తాగేస్తాయి. ఎండలో మాత్రం నీళ్ళు ఆపొద్దు, ఇదంతా పొద్దున ఆరు గంటల్లోపు పని.

వెటర్నరీ_మాస్టారు:
సరిగ్గా చెప్పారు. పెద్ద కోళ్ళకు రెండు మూడు నెలలకొకసారి అలా లసోటా ఇస్తూ ఉంటే రక్షణ నిలుస్తుంది.

కొక్కెర తెగులు వస్తే ఎలా తెలుస్తుందంటే, ఆకుపచ్చ తెలుపు కలిసిన పారుడు, నోరు తెరిచి ఊపిరి, రెక్కలు వాలడం, రెండు మూడు రోజులకు మెడ మెలితిరగడం. దానికి మందు లేదు. వెల్లుల్లి, పసుపు, వేపాకు ఏది రుద్దినా తగ్గదు, వైరస్ కదా. చచ్చిన కోడిని కాలువలో పారేయొద్దు, కోసి పంచొద్దు. మూడడుగుల గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. గూట్లో ఉన్న కోళ్ళు ఒకేసారి రెండు మూడు పడిపోతే తాకకుండా 1962కు ఫోన్ చేయండి, అది సంచార పశువైద్యశాల నంబరు. 2024 ఫిబ్రవరిలో పక్కనే నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చింది, 2025లో గోదావరి జిల్లాల్లో వచ్చింది. పెద్ద ఎత్తున చావు కనిపిస్తే దాన్ని మామూలు కొక్కెర అనుకుని ఊరుకోవడానికి లేదు.

పలమనేరు_పెరడు:
సంక్రాంతి ముందు పందెం పుంజుల్ని చూపించడానికి ఎవరైనా చంకలో పెట్టుకుని వస్తే పెరట్లోకి రానివ్వొద్దు. పందేలు చట్టప్రకారం నేరం అనేది ఒక సంగతి, పది ఊళ్ళు తిరిగిన పుంజు పది ఊళ్ళ రోగాలు తెస్తుంది అనేది ఇంకో సంగతి. సంత నుంచి వచ్చిన గంప, సంచి కూడా అంతే, ఎండలో పడేసి సున్నం నీళ్ళతో కడగండి.

చెనిక్కాయ_చెక్క:
మేత మాటెత్తలేదేంది ఎవరూ?

మీది 300 చదరపు అడుగుల పెరడు. పది కోళ్ళు నెల రోజుల్లో గడ్డి పోచ మిగల్చవు. తర్వాత అవి తిరిగి తినేది శూన్యం. పల్లెల్లో పొలాల మీద తిరిగే కోడికి సాయంత్రం 40, 50 గ్రాములు వేస్తే సరిపోతుంది. మీకు అట్ల కుదరదు, కోడికి రోజుకు 90 నుంచి 100 గ్రాములు పూర్తి మేత ఇయ్యాల. పదింటికి రోజుకు కిలో, నెలకు 30 కిలోలు.

ఎనిమిదో వారం నుంచి గుడ్లకు వచ్చే ముందు వారం దాకా గ్రోయర్ (ఎదిగే కోళ్ళ) మేత. మాంసకృత్తులు 16 శాతం. లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ళ) మేత అప్పుడే పెట్టొద్దు. అందులో సున్నం మూడు శాతం పైనే ఉంటుంది. గుడ్లు పెట్టని పిల్లకు ఆ సున్నం మూత్రపిండాల్లో పేరుకుని చంపుతుంది. బ్రాయిలర్ మేత పెడితే ఒళ్ళు కొవ్వెక్కి గుడ్లు తగ్గుతాయి. గ్రామప్రియ ఐదున్నర నెలలకు మొదటి గుడ్డు పెడుతుంది, ఆ ముందు వారం నుంచి లేయర్ మేతకు మారండి. మార్చేటప్పుడు వారం రోజులు పాతది, కొత్తది కలిపి.

ఇంట్లో కలుపుకోవాలంటే గుడ్లు పెట్టే కోళ్ళకు 10 కిలోల లెక్క: రాగులు, నూకలు, మొక్కజొన్న రవ్వ కలిపి ఐదున్నర కిలోలు, చెనిక్కాయ (వేరుశనగ) చెక్క 2 కిలోలు, తవుడు కిలో 300 గ్రాములు, ఉప్పు లేని ఎండుచేపల పొడి 400 గ్రాములు, గుల్ల (ఆల్చిప్పల పొడి) 600 గ్రాములు, ఖనిజ మిశ్రమం 200 గ్రాములు. పైన 30 గ్రాముల ఉప్పు. చేపల్లో ఉప్పుంటే అది కూడా వద్దు. దీంతో మాంసకృత్తులు 16, 17 శాతం దగ్గరికి వస్తాయి. గుల్ల వేరే చిప్పలో కూడా పెట్టండి, దానికి ఎంత కావాలో కోడికే తెలుసు.

మన జిల్లాలో అందరికీ సులభంగా దొరికేది చెనిక్కాయ చెక్క, అందరినీ ముంచేదీ అదే. వానాకాలం బూజు పట్టిన చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఎండబెడితే బూజు పోతుంది, విషం పోదు. ఉడకబెట్టినా పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చింది బ్రెజిల్ నుంచి వచ్చిన చెనిక్కాయ పిండితోనే, ఆ తర్వాతే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. చెక్కను విరిచి చూడండి. పచ్చటి, నల్లటి మచ్చలున్నా, ముక్క వాసన కొట్టినా పారేయండి. ఆవుకు వేద్దామని కూడా అనుకోవద్దు, పాలల్లోకి దిగుతుంది. అక్టోబరు నుంచి పదిహేను రోజులకు మించి మేత నిలవ పెట్టొద్దు, సంచిని నేల మీద కాక పలక మీద పెట్టండి.

అట్లనే గుడ్ల పెట్టెల్లో పరచడానికి చెనిక్కాయ పొట్టు చవక అంటారు. తడిస్తే అదీ బూజే, ఆ దుమ్ము పీల్చిన కోళ్ళకు ఊపిరితిత్తుల రోగం. వరి ఊక వాడండి.

మంగళం_కొత్తిల్లు:
ఇంట్లో మిగిలిన సంగటి, అన్నం, కూరగాయల తొక్కలు వేయొచ్చా అన్నా?

చెనిక్కాయ_చెక్క:
సంగటి వేయండి, కానీ పులిసింది వద్దు. చేత్తో చిదిమి తవుడు కలిపి పొడిపొడిగా. ముద్దగా వేస్తే ముక్కుకు, కాళ్ళకు అంటుకుని ఈగలు చేరతాయి. అన్నం, సంగటి కలిపి మొత్తం మేతలో పదో వంతుకు మించకుండా చూసుకోండి, కడుపు నిండుతుంది గానీ గుడ్డు తయారుకాదు. మునగాకు, అవిసాకు, పాలకూర కట్ట కట్టి కోడికి తల ఎత్తితే అందే ఎత్తులో వేలాడదీయండి, తొక్కి పాడుచేయవు. ఊరగాయ, అప్పడాలు, ఉప్పు వేసిన మిగులు కూర, ఉడకబెట్టని ఎండు చిక్కుడు గింజలు, పచ్చరంగు తిరిగిన ఆలుగడ్డ తొక్కలు వేయొద్దు.

కుప్పం_చలి:
నీళ్ళు? ఎండాకాలం మేత కంటే నీళ్ళే ముఖ్యం కదా. మామూలు రోజుల్లో తిన్న మేతకు రెండింతలు తాగుతుంది, 40 డిగ్రీలు దాటితే నాలుగింతలు. పది కోళ్ళకు 4 లీటర్లు నీడలో, మట్టి కుండలో. ప్లాస్టిక్ డబ్బాలో మధ్యాహ్నానికి నీళ్ళు వేడెక్కితే కోడి మూతి పెట్టదు, తాగక చస్తుంది. మేత పొద్దున ఏడు లోపల, సాయంత్రం ఐదు తర్వాత. మధ్యాహ్నం తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. నోరు తెరిచి రెక్కలు ఎత్తి నిలబడితే వడదెబ్బ మొదలైనట్టే. కాళ్ళు, జుట్టు చల్లటి నీళ్ళతో తడిపి గాలి తగిలే నీడలో పెట్టండి, లీటరు నీళ్ళకు ఓఆర్‌ఎస్ పొట్లం.

మంగళం_కొత్తిల్లు:
చిన్నది నాలుగేళ్ళ పిల్ల. కోళ్ళ వెంట పడుతుంది, ఎత్తుకుంటుంది. ఏమైనా ప్రమాదమా?

వెటర్నరీ_మాస్టారు:
ఆరోగ్యంగా కనిపించే కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి ఉండొచ్చు. ఐదేళ్ళ లోపు పిల్లలకు, పెద్దవాళ్ళకు అది ఎక్కువ ఇబ్బంది. చిన్నపాపను ముట్టుకోనివ్వండి గానీ మొహానికి దగ్గరగా పెట్టుకోనివ్వొద్దు, ముద్దు పెట్టనివ్వొద్దు. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి, గూటి దగ్గరే కుళాయి, సబ్బు పెట్టండి. లోపలికి వెళ్ళే చెప్పులు వేరే, అవి వంటింట్లోకి రావు. పెంట తీసే పని పిల్లలకు ఇవ్వొద్దు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి గుడ్లు తీసి తేదీ పెన్సిల్‌తో రాసే పని, సాయంత్రం కోళ్ళు లెక్కపెట్టి తలుపు గడియ వేసే పని ఇవ్వండి. లెక్క తప్పితే ఆ రాత్రే తెలుస్తుంది, తెల్లారి ఈకలు చూసి కాదు.

గుడ్లను నీళ్ళతో కడిగి దాచొద్దు. పెంకు మీద సన్నటి పొర ఉంటుంది, కడిగితే అది పోయి క్రిములు లోపలికి దిగుతాయి. కొద్దిగా మురికి ఉంటే పొడి గుడ్డతో తుడవండి. బాగా పట్టి ఉంటే కడిగి ఆ పూటే వండేయండి.

నగరి_నాటుకోడి:
గుడ్లు పగలు రెండుసార్లు తీయాల, పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి. ఎక్కువ గుడ్లు పొద్దున పదకొండు లోపలే పెడతాయి. పెట్టెలో నిలవుంటే పాము వాసన పడుతుంది, లేదా కోడే పొడిచి తాగడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు ఒక కోడికి పట్టిందా, మిగతావీ నేర్చేసుకుంటాయి. పెట్టెలో ఊక నాలుగు అంగుళాలు, కొంచెం చీకటి ఉండేలా గోనె పరదా. అప్పటికీ మానకపోతే ఆ కోడిని వండుకోవడమే మందు.

పెట్ట పొదుగుకొచ్చి గుడ్లు ఆపేస్తే, పొదిగించే ఉద్దేశం లేనప్పుడు, అడుగున జాలీ ఉన్న పంజరంలో మూడు నాలుగు రోజులు మేత, నీళ్ళతో పెట్టండి. పొట్టకు గాలి తగిలితే పొదుగు దిగుతుంది. ముక్కులో ఈక గుచ్చడం, నీళ్ళలో ముంచడం ఊళ్ళో చేస్తారు, అది కోడిని హింసించడమే, గుడ్డు ముందుగా రాదు.

మంగళం_కొత్తిల్లు:
పురుగుల మందు అన్నారు సార్, ఎన్నాళ్ళకొకసారి? ఒంటి మీద పేలు సంగతి?

వెటర్నరీ_మాస్టారు:
నేల మీద తిరిగే కోళ్ళకు మూడు నెలలకొకసారి. కోడి బరువు చూసి మోతాదు డాక్టరు చెప్పాలి. ఆ మందు తాగించాక ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడిగి తెలుసుకోండి, ఒక్కో మందుకు ఒక్కో లెక్క. చిన్న కోడిపిల్లల్లో రక్తపు పారుడు కనిపిస్తే అది పురుగు కాదు, కాక్సిడియా అనే కంటికి కనిపించని పేగు క్రిమి. తడి ఊకలో పుడుతుంది. దానికి ఆంప్రోలియం ఇస్తారు. ఆ రోజుల్లో బి విటమిన్ టానిక్ ఆపండి, రెండూ కలిస్తే మందు పనిచేయదు.

పేలకు కోడే వైద్యం చేసుకుంటుంది, మనం జాగా ఇస్తే చాలు. రెండడుగుల వెడల్పు తొట్టిలో అడుగు లోతున ఇసుక, పొయ్యి బూడిద సగం సగం, వాన తగలని చోట. గూడు చెక్క సందుల్లో దాగే గోమార్లు మాత్రం వేరు. పగలు సందులో, రాత్రి కోడి మీద. పగలు చూస్తే కోడి ఒంటి మీద ఏమీ కనిపించదు, జుట్టు పాలిపోయి కోడి చిక్కిపోతుంది. రాత్రి టార్చి వేసి చెక్క సందులు చూడండి. ఇనుప గూడైతే ఈ బాధ చాలా తక్కువ.

మంగళం_కొత్తిల్లు:
చివరగా ఒకటి. గూటి కింద పడే పెంట కరివేపాకుకు అలాగే వేసేయొచ్చా?

పలమనేరు_పెరడు:
పచ్చి పెంట వేస్తే మొక్క మాడిపోతుంది, వేర్ల దగ్గర అమ్మోనియా వేడి. ఒక గంప పెంటకు రెండు గంపల ఎండాకు, వేపాకు రాలినా సరే, వరసలుగా వేసి తడి పట్టేంత నీళ్ళు చల్లి మూత పెట్టండి. పదిహేను రోజులకొకసారి తిరగెయ్యండి. రెండు మూడు నెలలకు మట్టి వాసన వస్తుంది, అప్పుడు మొక్కకు రెండు దోసిళ్ళు, మొదలుకు అడుగు దూరంలో తవ్వి వేసి మట్టి కప్పండి. పచ్చిగా తినే కొత్తిమీర, టమాటాల మడికైతే నాలుగు నెలలు మాగనివ్వండి. ఇంకో సంగతి, కరివేపాకు మొక్కల చుట్టూ ఇప్పుడే రెండడుగుల జాలీ కట్టేయండి. కోళ్ళొచ్చిన వారానికే కాళ్ళతో వేర్లు బయటికి తోడేస్తాయి.

మంగళం_కొత్తిల్లు:
జాలీ రేపే తెస్తాను అక్కా. గూడు కొలతలు వెల్డింగ్ షాపులో చూపించాను, అంగుళంన్నర యాంగిల్ బదులు అంగుళం వేస్తే చాలంటున్నాడు.

జాలీ_పని:
అంగుళంతో నిలబడుతుంది గానీ రెండున్నర అడుగుల ఎత్తున గాలివానకు ఊగుతుంది. అంగుళమే వేయిస్తే కాళ్ళకు అడ్డంగా రెండు పట్టీలు వెల్డ్ చేయించండి, ఒక్కో కాలు అర అడుగు కాంక్రీటులో పాతండి. తలుపు గడియకు చిలుకుతో పాటు తీగ కొక్కెం కూడా పెట్టించండి, కుక్క మూతితో నెట్టి నెట్టి చిలుకు జారుస్తుంది.